ఎక్కువ తూగిన బస్తాలు

తక్కువ తూగిన బస్తాను చూస్తే నాకు కోపం రాదు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, అలవాటైపోయింది. ఎక్కువ తూగిన బస్తాను చూస్తేనే ఒళ్లు మండుతుంది. బేగంబజార్‌లో ఊరికే ఎవరూ ఏదీ ఎక్కువ ఇవ్వరు. ఇచ్చారంటే వెనక ఇంకేదో ఉందన్నమాటే.

నా పనే అనుమానించడం. విదేశాలకు వెళ్లే సరుకును తనిఖీ చేసే ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. అమ్మేవాడికీ కొనేవాడికీ సంబంధం లేని మూడో మనిషిని నేను. నేను సంతకం పెడితే లారీ కదులుతుంది, పెట్టకపోతే అక్కడే ఉంటుంది. పొద్దున్నే ఉప్పుగూడలో స్కూటర్ తీసి, పత్తర్‌గట్టి మీదుగా నయాపూల్ దాటి ఏదో ఒక గోదాముకు చేరతాను. చేరేలోపే అక్కడివాళ్లు నాకేం చూపించకుండా దాచి ఉంటారో ఊహించుకుంటాను. "నీకు పెరుగన్నంల గూడ రాళ్లు కనవడ్తయ్" అంటుంది మా ఆవిడ. నిజంగానే ఒకసారి రాయి కనపడింది, ఆమె ఒప్పుకోదు.

కిందటేడు చలికాలంలో నాలుగు వందల బస్తాల కందిపప్పు నా చేతికొచ్చింది. మామూలు ఎగుమతి కాదు, సాయంగా వెళ్లే తిండి. సముద్రం అవతల యుద్ధానికి ఊళ్లు వదిలేసి గుడారాల్లో బతుకుతున్నవాళ్లకు అది వెళ్లాలి. అక్కడ ఇప్పటికే మనిషికిచ్చే పప్పును సగానికి తగ్గించారని నాకిచ్చిన కాగితాల్లోనే రాసి ఉంది. మూడో రోజు మధ్యాహ్నం గోదాము ముందుకు లారీ వస్తుంది. ఆ లారీ తప్పితే ఓడ తప్పుతుంది, ఇంకో ఓడ మూడు వారాల తర్వాతే.

సాయపు తిండికి షరతులు ఎక్కువ. మామూలు సరుకు బాగాలేకపోతే కొన్నవాడు తిప్పి పంపుతాడు, కోర్టుకెక్కుతాడు. గుడారం ముందు వరుసలో నిలబడ్డ మనిషి ఎవరి మీద కోర్టుకెక్కుతాడు? పోసింది పట్టుకెళ్లి వండుకుంటాడు. అందుకే దేశాలు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి. ఆకలిని ఆయుధంగా వాడకూడదు, దారిలో ఎవరూ అడ్డుకోకూడదు, ఇచ్చేటప్పుడు నీది ఏ మతం, నువ్వు ఏ పార్టీ అని అడగకూడదు. బస్తా దగ్గరికొచ్చేసరికి అవే షరతులు ఇంకా చిన్నవై, ఇంకా గట్టిపడతాయి. మీద 'అమ్మకానికి కాదు' అని అచ్చు ఉండాలి. అమ్మినవాడి దుకాణం పేరు గానీ, నాయకుడి బొమ్మ గానీ, దేవుడి బొమ్మ గానీ ఉండకూడదు. పరీక్ష చేసిన పప్పు తప్ప ఒక్క గింజ కూడా బయటినుంచి కలవకూడదు. తనిఖీకి వచ్చినవాడు గోదాములో చాయ్ కూడా ముట్టకూడదు. ఇవన్నీ చాదస్తమని నవ్వేవాళ్లను చూశాను. నేను నవ్వను. ప్రతి షరతు వెనకా ఎక్కడో ఎవడో చేసిన మోసం ఉంటుంది.

ఆ గోదాము సేటు తాతలనాటినుంచీ బేగంబజార్‌లో పప్పుల వ్యాపారం చేస్తున్న కుటుంబంవాడు. కింద గోదాము, పైన ఇల్లు. యాభై ఏళ్లుంటాయి, మాట మెత్తన. మెత్తటి మాట మీద నాకు ముందునుంచీ నమ్మకం లేదు.

మొదటి రోజు ఒక బస్తాను కాటా మీద పెట్టించాను. యాభై కిలోలుండాలి, మీద దాదాపు రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. ఇంకోటి పెట్టించాను, అదీ అంతే. పది బస్తాలు పెట్టిస్తే పదీ ఎక్కువే. కాటా తప్పేమోనని నా బరువు రాళ్లతో చూశాను, కాటా సరిగ్గానే ఉంది. అప్పుడు ఒక బస్తా కుట్లు విప్పించి మూతి తెరిచాను. పైనున్న గింజలు దీపాల్లా మెరుస్తున్నాయి. చెయ్యి పెడితే జిడ్డు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం.

నాకు అర్థమైపోయింది అనుకున్నాను. పాతబడిన పప్పుకు నూనె రాసి కొత్తదిగా మెరిపించడం ఈ బజారులో తెలియనివాళ్లు లేరు. ఇనుప గొట్టాన్ని బస్తా మధ్యలోకి గుచ్చి లోపలి గింజలు తీశాను. అవి పొడిగా, శుభ్రంగా, వాసన లేకుండా ఉన్నాయి. మామూలు మనిషికైతే అక్కడ అనుమానం తగ్గాలి. నాకు పెరిగింది. ఇంత మంచి పప్పు మీద నూనె పప్పు ఎందుకు పోశాడు?

"ఏంది సార్, గట్ల చూస్తున్నరు?" అన్నాడు సేటు.

"పప్పు మస్తు మెరుస్తుంది సేటూ."

"మంచి పప్పు మెరవదా సార్?"

"ఆముదం రాస్తే సచ్చిన పప్పు గూడ మెరుస్తది."

అతను వంగి చేతిలోకి తీసుకున్నాడు, వాసన చూశాడు, అంతే, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆ మౌనం చాలు నాకు. పది మంది హమాలీలు బస్తాల మధ్య నిలబడి చూస్తుండగానే గొంతు పెంచాను. ఆకలితో ఉన్నోళ్ల నోటికాడి తిండిల గూడ దొంగతనమేనా అన్నాను. దొంగ సరుకు, దొంగ సేటు అన్నాను. నీ పేరు ఇంకెప్పుడూ ఏ టెండర్లో కనపడకుండా రిపోర్టు రాస్తానన్నాను.

"మా అమ్మ మీద ఒట్టు సార్, నాకేం తెల్వదు."

"దొంగలందరికీ ఒట్టెయ్యనీకి అమ్మలే దొరుకుతరు."

అప్పుడు పెద్ద హమాలీ తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "సార్, గది అమ్మనే ఏసింది," అన్నాడు. పొద్దున తూచి నింపిన బస్తాలు సాయంత్రం కుట్టేదాకా మూతులు తెరిచే ఉంటాయట. మధ్యాహ్నం వీళ్లు అన్నానికి కూర్చున్నప్పుడు సేటు తల్లి పైనుంచి దిగి ఒక్కో బస్తాలో దోసెడు పప్పు పోసి వెళ్లేదట. "రోజూ చూసినం. పుణ్యం పనే గదా అని ఊకున్నం."

ఆమెను పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. గొడవంతా మెట్ల మీదే వినేసినట్టుంది, నా వంక చూడకుండానే చెప్పింది.

"దానం తూచి ఇయ్యద్దు బిడ్డా. కాంటా మొగ్గినంక ఇంక దోసెడు ఎయ్యాలె. మా అత్త గట్లనే ఏసేది, ఆమె అత్త గూడ గట్లనే ఏసేదట. మీరు తూచింది యాపారం. ఆకలిగొన్నోళ్లకు పోతున్నదంటే ఇంట్లకెల్లి ఏమన్న పోవద్దా?"

"ఆ పప్పు ఏడిదమ్మా?"

"మా ఇంటిదే. ఏడాదికి సరిపోను ఆముదం రాసి ఎండవెట్టి డబ్బాలల్ల పోసుకుంటం, పురుగు వట్టకుంట."

కథ బాగుంది అనుకున్నాను. కొడుకును కాపాడటానికి తల్లి ఇంతకంటే మంచి కథ చెప్పలేదు. డబ్బాలు చూపించమన్నాను. వంటింట్లో నా నడుమంత ఎత్తు రేకు డబ్బాలు మూడు ఉన్నాయి. రెండు ఖాళీ. మూడోదాంట్లో అడుగున నాలుగు దోసిళ్ల పప్పు మిగిలింది, అదే మెరుపు, అదే వాసన. గుప్పెడు తీసి కవర్లో వేసి సీలు చేశాను. ఆమె గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"వద్దమ్మా, రూలు."

"నీళ్లకు గూడ రూలా?"

"నీళ్లతోనే మొదలైతదమ్మా."

ఆమెది ఆముదం తాగిన మొహమైంది. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. ఆముదం గింజ ఈ కాగితాల్లో విషపు గింజల వరుసలో ఉందనీ, దాని జాడ కూడా ఉండకూడదనీ చెప్పాను. అక్కడ తినేవాళ్లలో నెలల తరబడి కడుపునిండా తినని పసివాళ్లు ఉంటారు, వాళ్ల కడుపు ఎలా తిరగబడుతుందో ఎవరికీ తెలియదు. బస్తాకు దోసెడంటే ఏమీ కాకపోవచ్చు. కాకపోవచ్చు అనుకుని సంతకం పెట్టడానికి నన్ను పెట్టుకోలేదు.

"మేం దినాం తింటున్నం గదా," అంది.

ఆఫీసుకు ఫోన్ చేశాను. వాళ్లు రెండు దార్లు చెప్పారు. మొత్తం సరుకు వద్దని రాసేయడం ఒకటి. అన్ని బస్తాలూ నా కళ్ల ముందే విప్పి, పైనున్న పప్పు కొంత లోతుదాకా తీసేసి, పరీక్షైన పప్పు గోదాములో ఇంకా మిగిలి ఉంటే దాంతో నింపి, మళ్లీ ల్యాబుకు పంపడం రెండోది. మర్నాడు సాయంత్రానికల్లా నమూనా ల్యాబుకు చేరితేనే లారీ అందుతుంది. సేటు రెండో దారికి తలూపాడు. అతని తల్లి ఊపలేదు.

"ఇచ్చింది ఎనకకు తీసుకునుడు పాపం," అంది.

"తియ్యకుంటే నాలుగొందల బస్తాలు ఈడనే ఉంటయమ్మా. ఆడ ఆళ్లు ఎదురుచూస్తనే ఉంటరు."

ఆమె డబ్బాకు మూత పెట్టింది. "అయితే నేనే తీస్త. హమాలీలు చెయ్యి వెట్టొద్దు. నా పాపం ఆళ్లకెందుకు?" అంది.

సాయంత్రం ఇంటికెళ్లాను. మా ఆవిడ పప్పు డబ్బా మూత తీసింది. అదే వాసన. వంటింట్లోకి వెళ్లాను.

"పప్పుకు ఆముదం రాస్తవా నువ్వు?"

"పెండ్లయిన కాడికెల్లి రాస్తున్న. గియ్యాల తెలిసిందా?" అని ఆమె నవ్వింది.

మా అమ్మ కూడా రాసేది. చాప మీద పప్పు పోసి, అరచేతుల్లో ఆముదం వేసుకుని రుద్దుతుంటే పక్కన కూర్చునేవాణ్ణి. పుట్టినప్పటినుంచీ ముక్కుకు తెలిసిన వాసన గోదాములోకి వెళ్లగానే మోసం వాసన అయింది. సిగ్గేసింది. అయినా కొడుకూ తల్లీ కూడబలుక్కున్నారేమో అన్న పురుగు మాత్రం లోపల తొలుస్తూనే ఉంది.

రెండో రోజు పొద్దున్నే ఆమె స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని దిగింది. ఒక గిన్నె పట్టుకుని మొదటి బస్తా ముందు నిలబడి, మూతికి చెయ్యి తాకించి కళ్లకద్దుకుంది. తర్వాత గిన్నెతో పైపప్పు తీసి పక్కనున్న ఖాళీ బస్తాలో పోసింది. నేను చూపించిన లోతు వచ్చేదాకా తీసింది. రెండో బస్తాకూ కళ్లకద్దుకుంది. ఇలాగైతే తెల్లారినట్టే అని విసుక్కున్నాను. కళ్లకద్దుకోకుండా తియ్యరాదా అని అడగబోయి మానుకున్నాను. పది బస్తాలయ్యేసరికి హమాలీలు ఆమె కంటే ముందే బస్తా మూతి తెరిచి పట్టుకోవడం మొదలుపెట్టారు. కొడుకు గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు. నేను ప్రతి బస్తాలో చెయ్యి పెట్టి చూశాను, ప్రతి బస్తాకూ వాసన చూశాను. ఎక్కడైనా పుణ్యానికని పిడికెడు వదిలేస్తుందేమోనని ఆమె చేతులనే కనిపెట్టి ఉన్నాను. ఒక్క బస్తాలోనూ వదల్లేదు. మూడు వందలు దాటాక గిన్నెను రెండు చేతులా పట్టుకోవాల్సొచ్చింది. బస్తా మీద మోచెయ్యి ఆనించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ వంగేది. ఆ చేతులు చూశాక లోపలి పురుగు చచ్చింది. అబద్ధం కోసం ఎవరూ అంత పని చెయ్యరు.

తగ్గినంత మేర గోదాములో మిగిలిన పరీక్షైన పప్పుతో బస్తాలు నింపించి, పొద్దు వాలకముందే నమూనా ల్యాబుకు పంపాను. తీసిన పప్పు బస్తాలకు వేరే సీలు వేసి, ఈ సరుకులో మళ్లీ కలపకూడదని రాసి సేటు సంతకం తీసుకున్నాను. "ఇగ రెండేండ్లదాంక మాకు గిదే పప్పు," అని ఆమె నవ్వబోయి, నడుం పట్టుకుని కూర్చుంది.

మూడో రోజు పదకొండింటికి ల్యాబు నుంచి కబురు వచ్చింది, సరుకు శుభ్రం. బస్తాలు కుట్టారు. కాటా మీద పెడితే సరిగ్గా యాభై. లారీ వచ్చింది, హమాలీలు ఎక్కించసాగారు. కాగితాల మీద సంతకం పెట్టి సేటుకు ఇచ్చాను. అతను తీసుకున్నాడు గానీ నా మొహం చూడలేదు. మూడు రోజులుగా చూడటం లేదని అప్పుడు తట్టింది.

బ్యాగు భుజాన వేసుకుంటుంటే ఆమె వచ్చింది.

"పప్పు మీద అనుమానపడ్డవు, నాకు బాధ లేదు బిడ్డా. గది నీ కొలువు. నాది తప్పే, ఒప్పుకున్న. గని నలుగురి ముందట నా కొడుకును దొంగ అన్నవు. నాలుగొందల దోసిళ్లు నేను ఎనకకు తీసుకున్న. ఒక్క మాట నువ్వు తీసుకోవా?"

తప్పించుకోవాలనే చూశాను, దాచడమెందుకు. రిపోర్టులో మంచిగనే రాసినమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. రిపోర్టు చదివేది ఎక్కడో ఆఫీసువాళ్లు. నేనన్నది విన్నది ఇక్కడి హమాలీలు. వాళ్లు రేపూ ఎల్లుండీ ఇదే సేటు దగ్గర బస్తాలు మొయ్యాలి.

బ్యాగు కింద పెట్టాను. ఎక్కించడం ఆపి అందర్నీ ఇటు రమ్మన్నాను. బస్తాలు దించి, చెమట తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. నా గొంతు మొన్నటంత లేవలేదు. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"సేటు దొంగ కాదు. నేను తప్పు మాట అన్న."

లారీ పావుగంట ఆలస్యంగా కదిలింది.