రోజారంగు రాయి

మా అమ్మ ముక్కుపుడకలో వజ్రం తెల్లగా ఉండేది కాదు. ఎండలోకి వస్తే లేత రోజారంగు కనబడేది. మా వైపు వజ్రం కొంటే కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని, అచ్చొచ్చిందో లేదో చూసుకుంటారు. ఆ నాలుగు రోజుల్లో ఎవరికి కాలు బెణికినా నింద రాయి మీదే. ఇక రాయిలో ఎరుపు తగిలితే మొగుడికి గండమట. అమ్మకు ఆ ముక్కుపుడక వాళ్లమ్మ ఇచ్చింది కాబట్టి ఇవేవీ చూడకుండా పెట్టుకుంది.

నాయన మంచాన పడ్డప్పుడు మా మేనత్త, అంటే నాయన అక్క, వస్తూనే అమ్మ మొహం చూసి, "ఆ ఎర్రరాయి తీసెయ్. అదే నా తమ్మున్ని తింటాండాది" అన్నది. డాక్టరు ఊపిరితిత్తులు పాడయ్యాయన్నాడు. ఎవరు విన్నారు? అమ్మ దాన్ని తీసి చిత్తూరులో అమ్మేసింది. అంగడాయన కూడా దోషం రాయంటూ, ఊరికే ఇచ్చినా వద్దన్నట్టు మొహం పెట్టి తీసుకున్నాడు. నాయన బతకలేదు. "ముందే తీసుంటే సరిపోయుండు" అన్నది అత్త. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న అదే అత్త మనవరాలి పెళ్లికని అమ్మనూ నన్నూ తిరుపతిలో నగల షాపుకు తీసుకెళ్లింది. అక్కడి సేల్స్‌మన్ ఓపికగా చెప్పాడు.

"తెల్ల వజ్రంలో రవ్వంత పసుపు కనబడితే ధర తగ్గుతాదమ్మా. అదే పసుపో, నీలమో, రోజానో నిండుగా ఉంటే యాడా దొరకదు. రంగు ఎంత చిక్కగా, సమంగా ఉంటే అంత విలువ. భూమిలో పుట్టిన రంగా, మనుషులు ఎక్కించిందా అనేది సర్టిఫికెట్‌లో సూసుకోవాల."

అత్త రోజారంగు ముక్కుపుడక చేతికి తీసుకుంది. "అబ్బా, ఎంత కళగా ఉండాది!"

నా నోరు ఆగలేదు. "ఇదే మా అమ్మ ముక్కున ఉంటే నాయనను తినింది గదా అత్తా?"

షాపంతా మా వైపు తిరిగింది. తిరగనీ.

"ఆ కాలం వేరే పాపా. ఇప్పుడు సదువుకున్నోళ్లు చెప్తాండారు గదా."

చదువుకున్నోళ్లట! ఆ డాక్టరు ఏమీ చదవలేదు కాబోలు. అమ్మ రాయి నిజంగా అంత గొప్పదో కాదో నాకు తెలియదు. నా కోపం దాని ధర గురించి కాదు.

అమ్మ ముక్కుపుడక వైపు చూడనే లేదు. అత్తనే చూస్తూ అన్నది: "రాయి పోతే పోయింది వదినా. అది తీసేసినాక గూడా నన్ను గదిలోకి రానీలేదే నువ్వు. ఆయన నన్ను పిలుస్తా పిలుస్తానే పోయినాడు."

అత్త సేల్స్‌మన్ వైపు తిరిగింది. మనవరాలికని ఆ ముక్కుపుడకనే డబ్బీలో పెట్టి ఇమ్మంది.