నసీరుద్దీన్ చాచా రేకు ముక్కు

నసీరుద్దీన్ చాచాకు ఒకటే పిచ్చి: కదిలే ప్రతిదానికీ ముక్కు ఉండాలి. ముక్కంటే రేకుతో చేసిన, మొనదేలిన ముక్కు.

తప్పు ఆయనది కాదు, ఇంజన్లది. ఇరవై ఏళ్లు ఆవిరి ఇంజన్లలో బొగ్గు వేశాడు. పాతవాటి మొహం చదును. తర్వాత గాలి జారిపోయేలా నున్నగా దిద్దిన తూటా ముక్కు ఇంజన్లొచ్చాయి. వాటి పరుగు ఆయన నెత్తికెక్కింది. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో రిటైరై, రైలు పట్టా అన్నదే లేని బాన్సువాడలో దిగాడు.

"గాలితోని కొట్లాడొద్దు బేటా. జర జరగమని మర్యాదగ చెప్పాలె," అంటూ ముందు తన సైకిలుకు ముక్కు తగిలించాడు. తర్వాత బజార్లో కిరాయికి బండి తోలే సర్వర్ ఎడ్లబండికి. చాయ్ కేతిలికి పుట్టుకతోనే ముక్కుంది కాబట్టి బతికిపోయింది.

"చాచా, ముందల నడిచేది ఎడ్లు గద! గాలి వాటికి తగుల్తది గాని బండికేం తగుల్తది?" అన్నాడు సర్వర్.

చాచా మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజు ఎడ్ల మొహాల కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. బజారంతా కడుపు పట్టుకుని నవ్వింది. అలాంటి నవ్వులు ఇప్పుడేవీ?

అందరికంటే ఎక్కువ నవ్వింది భోజ్యా. చిన్నప్పుడే కాళ్లు పడిపోయినా, బజార్లో ఒక సేటు దుకాణంలో చేతి మిషన్ మీద బట్టలు కుట్టేవాడు. రెండు మైళ్ల దూరంలోని తండా నుంచి అన్న ఫూల్‌సింగ్ బండి మీద తెచ్చి దింపేవాడు. ఒకసారి అన్న చెరుకు కోతకు దూరం పోయేసరికి భోజ్యా ఇంట్లో చిక్కుకుపోయాడు. వారంలో రాకపోతే మిషన్ ఇంకొకరికి ఇస్తానని దుకాణం సేటు కబురు పెట్టాడు. బజారువాళ్లు చందా వేసి రిక్షా పెడతామంటే, "ధర్మం తినేటోన్ని కాను," అని వాళ్లను తిప్పి పంపాడు. వాళ్లు పోయాక మాత్రం ఏడ్చాడు.

ఆరో రోజు చాచా తండాకు వచ్చాడు. వెంట చేత్తో తిప్పే మూడు చక్రాల బండి, దానికి బారెడు ముక్కు.

"నాకొద్దు చాచా."

"నీకెవడిస్తుండురా? గిది నా ఇంజన్. గట్టి చేతులున్న డ్రైవర్ కావాలె. రోజు బాన్సువాడకు నడిపి ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పు. పరీక్ష అయినంక నా బండి నాకియ్యి."

డ్రైవర్ అనగానే భోజ్యా మెత్తబడ్డాడు. మిషన్ దక్కింది. మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది. ఆ ముక్కు పీకి పారేస్తే బండి తేలిగ్గా పోతుందని వాడికి తెలుసు. కానీ చాచా ఆశగా చూస్తుంటే ఆ మాట అనలేక, "ఇయ్యాల రెండు నిమిషాలు తగ్గింది చాచా," అని రోజూ కోతలు కోసేవాడు.

మూడు వారాలు దాటాక, ఎండలో సైకిలు లేకుండా నడిచి వస్తున్న చాచా కనిపించాడు. భోజ్యా ఒక్కసారి కింద తన బండి చక్రాల వైపు చూసుకున్నాడు. వాటిలో రెండు చాచా సైకిలువే.

"పరీక్ష అయిపోయింది చాచా. నీ చక్రాలు తీస్కో."

"అయిపోయిందా? నలభైలకెల్లి రోజుకు రెండు నిమిషాలు తగ్గితే, నువ్వు మొన్నటికే ఇల్లు కదలకముందే దుకాణంల దిగినవు! గింత అబద్ధాల డ్రైవర్‌తోని పరీక్ష ఎట్లయితదిరా? మళ్ల మొదటి నుంచి!"

మర్నాడు భోజ్యా ఉన్నదున్నట్టు చెప్పాడు: నలభై రెండు నిమిషాలు.

"గింత నిదానమా? గీ పరీక్ష ఇప్పట్ల అయిపోదు పో!" అని చాచా ఆనందంగా తిట్టాడు.