పెద్దిరాజు అరగంట

పెద్దిరాజు పని నిలబడటం. వెటకారంగా అనడం లేదు, నిజంగా అదే ఆయన ఉద్యోగం. శ్రీకాకుళం జిల్లా నుంచి సింగపూర్ వచ్చి పదహారేళ్లుగా ఓడల మరమ్మతు యార్డుల్లో ఫైర్ వాచ్‌మన్‌గా ఉన్నాడు. వెల్డర్ ఓడ లోపల ఇనుపగోడకు ఒకవైపు అతుకు వేస్తుంటే, పెద్దిరాజు రెండోవైపు నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడతాడు. వెల్డర్ పని ముగించి వెళ్లాక కూడా మరో అరగంట అక్కడే ఉంటాడు. తర్వాత ఫోన్‌లో రోజూ ఒకే మాట రాస్తాడు: "ఏమీ జరగలేదు."

ఆ మాటే ఆయన కొంప ముంచబోయింది. అందులో నా చెయ్యీ ఉంది.

నా పేరు మహతి. సింగపూర్‌లోనే, వన్-నార్త్ అనే సాఫ్ట్‌వేర్ పేటలో ఒక చిన్న కంపెనీలో ఇంజినీర్ని. యార్డులో ఎవరు ఎప్పుడు ఏ పని చేయాలో చెప్పే ప్రోగ్రామ్ మాదే. అది తన ఫలితాలు తానే చూసుకుని, తన నియమాలు తానే తిరగరాసుకుంటూ వారం వారం మెరుగవుతుంది. మొదట్లో అది ఏం మార్చుకుందో శ్రద్ధగా కూర్చుని చదివేవాళ్లం. తర్వాత మానేశాం. అంత బాగా పనిచేస్తుంటే ఎవరికి ఓపిక?

మే నెలలో ఆ ప్రోగ్రామే ఒక ఫిర్యాదు పంపింది. ఫలానా కార్మికుడు పని అయిపోయాక రోజూ అరగంట ఖాళీగా నిలబడుతున్నాడు, రెండు ఎర్ర గుర్తులు పడ్డా మారలేదు, మూడోది పడితే ఇక్కడ పనిచేసే పర్మిట్ పొడిగించకండి అని. "తెలుగాయనట, నువ్వెళ్లి కనుక్కో," అని మా మేనేజర్ పార్థసారథి గారు నన్ను పంపారు.

ఓడ అడుగున ఒకటే ఉక్క. పెద్దిరాజు చేతితొడుగు తీసి, అతుక్కి మూరెడు దూరంలో గోడ మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"పని అయిపోయిందని ఫోన్ చెప్తోంది కదా, ఇంకా ఎందుకున్నారు?" అన్నాను. హెల్మెట్ కింద చెమట కారుతూ ఉంటే మాట కటువుగానే వచ్చింది.

"ఫోనుకి సెయ్యి లేదు కదా తల్లీ. నువ్వు పెట్టి సూడు."

పెట్టాను. గోడ ఇంకా వేడిగా ఉంది.

"వెల్డరున్నప్పుడు నిప్పు లెగదమ్మా. ఆడెల్లిపోయాక ఇటేపు ఏ నూనిగుడ్డలోనో నెమ్మదిగా రాజుకుంటాది."

"మూడో ఎర్ర గుర్తు పడితే మిమ్మల్ని ఇంటికి పంపేస్తారు, తెలుసా?"

"తెలుసు." ఆయన గోడ వైపే చూస్తూ అన్నాడు. "పాత యార్డులో మా బావమరిది, తిరుమలని, ఆడు వెల్డరు. పది నిమిషాలే గదాని నాను టీకి ఎల్లినాను. ఆడు మర్సిపోయిన పనిముట్టు కోసం తిరిగొచ్చి మంటల్లో సిక్కుకున్నాడు. ఆడి ఎడం సెయ్యి సూస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. పంపేస్తే పంపేయనీ తల్లీ. అరగంట మాత్రం నిలబడతాను."

ఆ అరగంట పూర్తయ్యేదాకా నేనూ ఆయన పక్కనే నిలబడ్డాను.

ఆఫీసుకొచ్చి పాత మార్పులన్నీ తవ్వాను. పదకొండోసారి తనను తాను దిద్దుకున్నప్పుడు ప్రోగ్రామ్ ఆ అరగంటను తీసేసింది. కారణం కూడా రాసిపెట్టింది: నాలుగు వందల రోజులుగా కాపలా నివేదికల్లో "ఏమీ జరగలేదు", కాబట్టి కాపలా అనవసరం. దాన్ని తిట్టి ఏం లాభం? పని తొందరగా ముగించమన్నది మేమే. చదవడం మానేసిందీ మేమే.

"ఒక్క ప్రమాదమైనా జరగలేదుగా మహతీ, ఏం చూపించి ప్రోగ్రామ్‌ను ఆపమంటావ్?" అన్నారు పార్థసారథి గారు. ఒళ్లు మండింది. అక్కడికక్కడే పెద్దిరాజుకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను.

"బాబాయ్, ఇన్ని రోజుల్లో ఒక్కసారీ నిప్పు రాజుకోలేదా?"

"ఎందుకు రాజుకోదమ్మా! ఆరేడుసార్లు పొగ లేసింది. నీళ్లు కొట్టినాను."

"మరి ఏమీ జరగలేదని రాశారేం?"

"ఆరిపోనాది కదా తల్లీ. ఇంకేటి జరిగినట్టు?"

పార్థసారథి గారు వెంటనే యార్డుకు ఫోన్ చేశారు. ఆ సాయంత్రమే ప్రోగ్రామ్‌ను ఆపించారు. అరగంట తిరిగి వచ్చింది. ఎర్ర గుర్తులు చెరిపేశారు. బాబాయ్ పర్మిట్ రెండేళ్లు పొడిగించారు.

ప్రోగ్రామ్ మళ్లీ నడుస్తోంది. అయితే కాపలాను అది ముట్టుకునే వీల్లేదు, ఆ నియమం మనుషులు సంతకం పెడితే తప్ప మారదు. అది తనను తాను మార్చుకున్న ప్రతిసారీ మాలో ఒకరం ఆ మార్పులన్నీ చదివి, ఇంకో పని పెట్టుకోకుండా అరగంట దాని ముందు కూర్చుంటాం. మొదటి వంతు నేనే అడిగి తీసుకున్నాను.

ఆ అరగంటా ఫోన్ ముట్టలేదు. టీకి కూడా లేవలేదు. అయిపోయాక రిపోర్టు తెరిచి, బాబాయ్ మాటే రాయబోయి, ముందు ఇంకో మాట చేర్చాను.

"నేనున్నాను. ఏమీ జరగలేదు."