హవల్దారు గారి దండుమూక

హవల్దారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో 'దండుమూక' అనే మాటను ఎవరు పడితే వాళ్ళు వాడడానికి వీల్లేదు. సైన్యం నుంచి పింఛను మీద వచ్చి, బిస్కెట్ల ఫ్యాక్టరీలో గేటు కాపలావాళ్ళకు పెద్దగా చేరాక కూడా ఆ మాటను తుపాకీలా తుడిచి భద్రంగా ఉంచుకున్నాడు.

ఒకరోజు మనవలు మంచమెక్కి దిండ్లతో కొట్టుకుంటుంటే ఆయన భార్య "దండుమూక!" అని కసిరింది.

"అలా అనకూడదే," అన్నాడు హవల్దారు. "ఊరికే అల్లరి చేస్తే అది మూక. ఒంటిమీద యూనిఫాం ఉండి, పైవాడి ఆజ్ఞ లేకుండా చెలరేగితేనే దండుమూక. వరస తప్పి దోపిడీకి ఎగబడే సైన్యాన్ని అనే మాటది."

"చిన్నాడు స్కూలు యూనిఫాంలోనే ఉన్నాడుగా?"

హవల్దారు చిన్నాణ్ణి ఎగాదిగా చూశాడు. "వాణ్ణొక్కణ్ణీ అనొచ్చు."

ఇంతలో ఫ్యాక్టరీలో పిడుగులాంటి కబురు. యజమాని సోమవారం వస్తున్నాడు. కాపలా తీరు నచ్చకపోతే అందర్నీ ఇంటికి పంపి కరెంటు గేటు పెట్టిస్తాడట. హవల్దారు వెంటనే తన కింది నలుగురినీ ఎండలో నిలబెట్టి కవాతు చేయించాడు. తన నోట ఆజ్ఞ రాకుండా వేలు కదిపినవాడు దండుమూకే అని ఒట్టు వేయించుకున్నాడు. ఆ అరుపులకు ఆదివారానికల్లా గొంతు కాస్తా మూగబోయింది.

సోమవారం భార్య వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని పక్కద్వారంలోంచి వెళ్ళేసరికి, పెద్దగేటు బయట యజమాని కారు హారన్ మోగిపోతోంది. లోపల నలుగురూ కొయ్యబొమ్మల్లా నిలబడి ఉన్నారు. తాళంచెవి వాళ్ళలో బుంగమీసం అనేవాడి నడుముకు కట్టి ఉంది. హవల్దారు దాన్ని లాగుతుంటే మనిషి మొత్తం వంగి వస్తున్నాడు గానీ ముడి ఊడడం లేదు.

"ఒరేయ్ బుంగమీసం, తియ్యరా గేటు!"

"హవల్దారు గారి నోట మాట రావాలమ్మా," అన్నాడు వాడు పెదవి కదపకుండా.

"ఆయనకి గొంతే లేదు కదరా!"

"అందుకేనమ్మా ఆగాం. దండుమూక అనిపించుకోమంటారా?"

ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టింది. కొంగు బిగించి, గడ్డం పైకెత్తి, ఇన్నేళ్ళుగా చెవుల్లో గింగురుమంటున్న ఆ యాసతోనే అరిచింది.

"గేటూ... తెరూవ్!"

రెండు తలుపులూ రెక్కల్లా విచ్చుకున్నాయి.

యజమాని కారు దిగాడు. హవల్దారు తన పని అయిపోయిందనుకున్నాడు.

"నా కారుకే తియ్యనివాళ్ళు దొంగకేం తీస్తారయ్యా! కరెంటు గేటు మాట మర్చిపోండి," అని నాలుగడుగులు వేసి, యజమాని వెనక్కి తిరిగాడు. "ఆ అరిచినావిడెవరు? నీ పైఅధికారా?"

హవల్దారు బుద్ధిగా తలూపాడు.

సాయంత్రం ఇంట్లో ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది. "యూనిఫాం లేకుండానే ఆజ్ఞ ఇచ్చేశాను. ఇంతకీ నేనేమిటండీ? మూకా, దండుమూకా?"

హవల్దారు కుర్చీలోంచి లేచి, మడమలు తాటించి సెల్యూట్ కొట్టాడు. మంచం మీద దిండ్ల యుద్ధం ఆపి మనవలూ కొట్టారు. యూనిఫాం ఇంకా విప్పని చిన్నాడు మాత్రం ఎడమచేత్తో కొట్టాడు, కుడిచేతిలో దిండు ఉంది మరి.

హవల్దారు వాడి వైపు వేలు చూపించి నోరు తెరిచాడు. చప్పుడు రాలేదు. ఏమన్నాడో మాత్రం ఇంటిల్లిపాదికీ అర్థమైంది.