కరెంటు పోయినా ఆగని పాట

ఈ పొద్దున కూరల సంచీతో వస్తుంటే పద్మారావు నగర్ చర్చి గోడ అవతల కీబోర్డు మోగింది, పిల్లల చప్పట్లతో. ఎండాకాలం క్యాంపు! కాళ్లు ఆగిపోయాయి.

నేస్తాలూ, మన చిన్నప్పటి క్యాంపు గుర్తుందా? పేరుకే ఫీజు, నాలుకకు అంటుకునే నారింజ షర్బత్, ఒకే చాప మీద అన్ని ఇళ్ల పిల్లలం. చెవులు వినబడని సుజాతను టీచర్ అందరికన్నా ముందు నిలబెట్టేది. పాటకు తగ్గట్టు చేతులాడించడం తనలా ఎవరికీ రాదు మరి.

ఆఖరి రోజు పెద్దవాళ్ల ముందు పాడుతుంటే కరెంటు పోయింది. కీబోర్డు, మైకు ఆగాయి. మనమూ బిక్కమొహాలేసి ఆగాం. సుజాతకు అదేం తెలియదు, చేతులాడిస్తూనే ఉంది. ఆ చేతులు చూసి మనలోంచి ఇర్ఫాన్ గొంతెత్తాడు. అందరం అందుకున్నాం.

పాట అయ్యాక హాలంతా చప్పట్లు. మా నానమ్మ లేచి కేకేసింది: "చప్పట్లు గా పిల్లకు ఇనబడ్తయా ఏంది? చేతులు లేపి ఊపుండ్రి!" హాలంతా చేతులే. సుజాత ముఖం చూడాలి!

ఇవాళ గోడ అవతల పాట అయిపోగానే సంచీ కింద పెట్టి నేనూ రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఆటో ఆగింది.

"యాడికి పోవాలక్కా?"

మీరే చెప్పండి, ఎక్కడికని చెప్పను?