తడిక చాటున చెంబెడు నీళ్లు

ఉదయగిరిలో మా ఇంటి బాలింతలకు నీళ్లు పోసిన అక్క మొన్న శుక్రవారం పొద్దున పోయింది. చెక్క గరిటెలు చెక్కే ఆమె కొడుకు ఫోన్ చేసి, "అమ్మ పోయింది టీచరమ్మా. నీకు తప్పకుండా చెప్పమని ముందే చెప్పి పెట్టినాది" అన్నాడు. తన చావు కబురు ఎవరెవరికి పంపాలో కూడా తానే చెప్పిపెట్టుకుని వెళ్లిన మనిషి. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఏ పనీ ఇతరుల తెలివికి వదిలేసే అలవాటు ఆమెకు లేదు.

బాలింతలకు నీళ్లు పోసే అక్క అంటే ఎవరో చెప్పాలి. కాన్పు చేసేది ఆమె కాదు. కాన్పు ఆత్మకూరు ఆసుపత్రిలో అయ్యేది. వాళ్లు బిడ్డను చేతిలో పెట్టి మూడో రోజు పంపించేస్తే, బస్సు దిగి ఇంటికి వచ్చిన దగ్గర నుంచి నలభై రోజులు తల్లినీ బిడ్డనూ చూసుకునేది ఆమె. ఇప్పుడు మా మనవరాలు ఉండే పట్టణంలో ఈ పనికి ఒక ఇంగ్లీషు పేరు, ఒక సర్టిఫికెట్టు ఉన్నాయట. మంచిదే. మా అక్కకు సర్టిఫికెట్టు లేదు. ఉదయగిరిలో ఇవాళ మీసాలు మెలేస్తున్న మగవాళ్లలో సగం మంది ఒకప్పుడు ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని ఏడ్చినవాళ్లే.

నా మొదటి కాన్పు డెబ్భై ఆరులో. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది కనుక పుట్టింటి మాట లేదు. ఆత్మకూరు నుంచి తిన్నగా ఉదయగిరిలోని అత్తగారింటికే వచ్చాను. మా అత్త మంచిది. ఆదివారం చర్చిలో ఆమెది ముందు వరస. బాలింతకు నీళ్లివ్వకూడదన్న విషయంలో మాత్రం ఆమె నమ్మకం బైబిలు వాక్యం కంటే గట్టిది. నీళ్లు తాగితే తల్లికి పొట్ట పెరుగుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది. అందుకని రోజుకు రెండు గ్లాసులు, అవీ వాము వేసి కాచినవి. మధ్యాహ్నం వెల్లుల్లి కారం అన్నం పెట్టి, గ్లాసు తీసుకుని వెళ్లిపోయేది. బయట ఏప్రిల్ ఎండ. దుర్గం కొండ కూడా దాహంతో ఉన్నట్టు కనిపించే నెల.

అత్త నమ్మకం అలా ఉంటే, నా మూర్ఖత్వం నాది. నేను బీఎడ్ చదివినదాన్ని, పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం కొనుక్కున్నాను. నాలుగు గంటలకొకసారి, పది నిమిషాలు మాత్రమే పాలివ్వాలని అందులో ఉంది. గోడ గడియారం మంచానికి ఎదురుగా తగిలించమని మా ఆయనకు చెప్పాను. పిల్ల ఏడ్చేది. నేను గడియారం చూసేదాన్ని. ఇంకా గంటన్నర ఉందని, బెల్లు కొట్టకముందే లేచిన విద్యార్థినిని కూర్చోబెట్టినట్టు పిల్లను మళ్లీ పడుకోబెట్టేదాన్ని. అత్త నాకు నీళ్లు కట్టేసింది, నేను పిల్లకు పాలు కట్టేశాను. ఇద్దరం కలిసి ఆ పసిగుడ్డును ఎండబెట్టాం.

ఎనిమిదో రోజుకు నాకు పాలు తగ్గిపోయాయి. పిల్ల మొహం పీక్కుపోయింది. మర్రిపాడు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి కిటికీలో పెట్టి, చదువుకున్నవాళ్లకు పాలు సరిగ్గా రావంట అని నన్ను ఓదార్చింది. నాకు ఏడుపు ఆగేది కాదు. పిల్లను ఎత్తుకోవాలంటే భయం. దీన్ని నేను బతికించలేను అని లోపల ఒకటే మాట. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు, లేదా గాలి సోకిందని పాస్టరు గారిని పిలుస్తారు.

కలువాయిలో కూతురి దగ్గర చిక్కుకుపోయిన అక్క తొమ్మిదో రోజున వచ్చింది. ఇంటికి వచ్చిన వాళ్లందరూ తిన్నగా ఉయ్యాల దగ్గరకు పోయేవాళ్లు. ఆమె నా మంచం దగ్గరకు వచ్చింది. నా పెదవులు చూసింది. గడియారం చూసింది. కిటికీలో డబ్బా చూసింది. పెరట్లోకి వెళ్లి కాగు కింద మంట పెట్టింది.

పెరట్లో తాటాకు తడిక కట్టిన మూలే మా స్నానాల గది. నన్ను పీట మీద కూర్చోబెట్టి నడుము మీద వేడి నీళ్లు ఎత్తి పోస్తూ పోస్తూ ఆగింది. తన సంచిలో నుంచి మూత పెట్టిన ఇత్తడి చెంబు తీసి నా చేతికిచ్చింది. కాచి చల్లార్చిన మంచినీళ్లు.

"తాగు టీచరమ్మా."

అత్త చూస్తుందేమోనని నేను తడిక వైపు చూశాను.

"మీ అత్త వంటింట్లో ఉండాది. నేను నీళ్లు పోసేదానికే గదా వచ్చినాను. ఒంటి మీద పోసినానో, గొంతులో పోసినానో ఎవురికి తెలస్తాది?"

తాగాను. చెంబు దించేసరికి ఏడుస్తున్నాను. ఆమె నెత్తిన నీళ్లు పోయడం మొదలుపెట్టి, "ఏడ్సుకో. దీంట్లోనే అవీ పోతాయి" అంది. అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని ఆ మాట. ఆమె కంగారు పడలేదు.

"ప్రతి ఇంట్లో ఈ పీట మీద కూర్చోని ఈ మాటే అంటారు. నువ్వు కొత్తగా చెప్పిందేం లే."

నన్ను అంత తేలిగ్గా తీసిపారేసి అంత ధైర్యం ఇచ్చినవాళ్లు ఇంకొకరు లేరు.

లోపలికి వచ్చాక భుజం మీది తుండుగుడ్డ తీసి గడియారానికి కప్పింది. పుస్తకంలో ఉన్న నాలుగు గంటల లెక్క నేను వివరించబోతే, ఆ పుస్తకం రాసినాయన ఎవరికన్నా పాలిచ్చినాడా అని అడిగింది. రచయిత మగవాడే. "ఇందాక నీకు దప్పికైనప్పుడు గడియారం చూసి తాగినావా? దానికీ అంతే. ఏడ్సినప్పుడల్లా ఇయ్యి."

ఆ తరువాత రోజూ వచ్చింది. పిల్లకు సున్నిపిండి పెట్టి కాళ్ల మీద నీళ్లు పోసేది. ముక్కులో, చెవుల్లో నూనె పోయమని అత్త అంటే, పసిబిడ్డ బండి చక్రమా అని అడిగేది. పిల్ల పడుకోగానే నన్ను పడుకోమనేది, చుట్టాలు వస్తే వాకిట్లోనే కూర్చోబెట్టేది. మా ఆయన పిల్లను దూరంగా, రెండు అరచేతుల మీద పట్టుకుని నిలబడితే, "ఫైలు పట్టుకున్నట్టు పట్టుకోబాక సారూ, అది నిన్ను సంతకం అడగదు" అని పిల్లను భుజానికి ఆనించి చూపించింది. గుమస్తా ఉద్యోగం మొత్తంలో ఆయన నేర్చుకున్న ఒకే ఒక్క పనికొచ్చే పని అది.

మూడో వారంలో ఒక రొమ్ము రాయిలా గట్టిపడి నాకు జ్వరం వచ్చింది. అత్త ఏవో ఆకులు నూరబోయింది. "నా చేతిలో ఉండేది నీళ్లే. మందు డాక్టరమ్మ చేతిలో ఉండాది" అని, అక్క నన్ను ఆత్మకూరు బస్సెక్కించి, పిల్లను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. తనకు తెలియనిది తెలియదని చెప్పగలిగిన వాళ్లను నా టీచరు జీవితంలో నేను ఎక్కువ మందిని చూడలేదు.

నలభై రోజులు అయ్యేసరికి పిల్లకు బుగ్గలు వచ్చాయి. మూత తీయని డబ్బాను ఆడబిడ్డకే తిరిగి పంపాను. మర్యాద కోసం కాదు, కక్షతో.

రెండో కాన్పు ఎనభై ఒకటిలో. ఇంటికి వచ్చిన మర్నాడు తడిక వెనక్కి వెళితే, పీట పక్కన మూత పెట్టిన చెంబు ఉంది. మా ఇంటి చెంబు. నేను అక్క వైపు చూశాను. తాను పెట్టలేదని ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంతలో వంటింట్లో నుంచి అత్త గొంతు, నాతో కాదు, అక్కతో: "ఆ చెంబులోవి అన్నీ తాగమను. మళ్లీ కాచి పెట్టినా."

మా అత్త తన తప్పు ఒప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ తడిక అవతల నుంచి. అక్క పెదవి బిగించుకుని నా వీపు కాస్త గట్టిగానే రుద్దింది. నవ్వు ఆపుకోవడానికి అనుకుంటాను.

శనివారం నేను ఉదయగిరి వెళ్లేసరికి ఖననం అయిపోయింది. వసారా నిండా ఆడవాళ్లు. ఏడుపు. ఆమె మనవడి భార్య ఎక్కడని అడిగాను. పదిహేను రోజుల బాలింత అని ఫోన్‌లోనే విన్నాను. లోపలి గదిలో ఉందన్నారు.

ఆ అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ. పెదవులు పగిలి ఉన్నాయి. నేను బిడ్డను చూడలేదు. పొద్దుట నుంచి ఏమన్నా తాగావా అని అడిగాను.

"లేదవ్వా. మా జేజమ్మ ఉంటే ఇచ్చేది. అందరూ ఏడస్తా ఉంటే నీళ్లు అడిగేదెట్టా?"

వంటింట్లోకి వెళ్లాను. కాచిన నీళ్లు గిన్నెలో ఉన్నాయి. చెంబు కోసం వెతకవలసిన పని లేకపోయింది. గట్టు మీద బోర్లించి ఉంది, అదే ఇత్తడిది, అంచు దగ్గర కాస్త సొట్ట పడింది. నింపి తెచ్చి ఇచ్చాను. ఆ అమ్మాయి ఒక చేత్తో బిడ్డను రొమ్ముకు పట్టుకుని, ఒక చేత్తో చెంబు ఎత్తింది. పైన తల్లి గొంతు, కింద బిడ్డ గొంతు, రెండూ గుటకలు వేస్తున్నాయి. వసారాలో అక్క కోసం ఏడుస్తూనే ఉన్నారు. చెంబు అడుగు పూర్తిగా పైకి లేచేదాకా నేను అక్కడే నిలబడ్డాను.