ఒకే వరసలో రెండు బంట్లు

మా పై వాటా ప్రొఫెసరు గారు పోయారని కోడలు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఈ అరబ్బు దేశంలో, ముఐథర్ పేటలో ఈ విల్లాకి వచ్చిన ఆరేళ్లలో ఆయన సంగతి ఏదీ నేను ఒక్క మాటకి నమ్మి ఎరగను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దన్నాను.

ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు. అది కాక జపాను చదరంగం పోటీలకు వెళ్లేవారు. అంత చదివిన పెద్దమనిషి చెక్క ముక్కలు పట్టుకుని దేశాలు తిరగడమేమిటని నా మొదటి అనుమానం. ఆ ఆటలో ముక్కలకు రంగులుండవు. మొన ఎవరి వైపు చూస్తే, వాళ్ల మీదికి వస్తున్నట్టు. పట్టుకున్న ముక్కని మన పక్షాన మళ్లీ దింపుకోవచ్చు. ఇదేం నీతి అని అడిగాను.

"అనుమానించడం నా ఉద్యోగం పిన్నిగారూ. మీరు జీతం లేకుండా చేస్తున్నారు" అన్నారు.

తెలుగులో నా పేరే గుర్తుపట్టలేని నాకు ఆ ముక్కల మీది జపాను అక్షరాలన్నీ నేర్పారు. ఎత్తు ఆలోచిస్తూ టీ ముట్టేవారు కాదు, చల్లారాక అదే తాగేవారు. నేను ఓడినప్పుడల్లా తల వంచి 'ఓడిపోయాను' అని నా నోటితో అనిపించేవారు. అది ఆట మర్యాదట. నాకు ఒళ్లు మండేది.

పోయిన రంజానులో కాలేజీ మధ్యాహ్నానికే అయిపోయేది, రోజూ ఆడేవాళ్లం. ఒకనాడు ఆయన, తన బంటు ఉన్న నిలువు వరసలోనే ఇంకో బంటు దింపారు. అలా పెడితే అక్కడికక్కడే ఓటమి. మొదటి రోజు ఆయన నాకు నేర్పిన నియమమే అది. వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, తల వంచి, "ఓడిపోయాను పిన్నిగారూ" అన్నారు.

"ముసలిదాన్నని గెలుపు బిచ్చం వేస్తున్నారా?"

కాదన్నారు. నేను మళ్లీ మెట్లెక్కలేదు. ఆయన రెండుసార్లు వచ్చి తలుపు తట్టారు. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పించాను.

సంతాపానికి ఆయనతో పోటీల్లో ఆడే జపాను ఇంజనీరు వచ్చాడు. అంతటి ఆటగాడు అలాంటి తప్పు చేస్తాడా అని కోడలి చేత అడిగించాను. ఆ నెల పోటీలోనూ అదే తప్పు చేసి ఓడారట. తలలో గడ్డ పెరిగి ఒక పక్క చూపు పోతోందని ఆ తర్వాతే తెలిసిందట.

అంటే నేను నిజంగానే గెలిచాను. ఆయన తలుపు తట్టింది జబ్బు సంగతి చెప్పడానికో, ఆటకు పిలవడానికో, అది మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆయన భార్య ఆ ఆట పలక, ముక్కలు నాకిచ్చింది. ఆనాటి ఆట గుర్తున్నంత వరకు పేర్చాను. రోజూ దుమ్ము తుడుస్తాను, ఆ రెండు బంట్లు మాత్రం కదపను. ఒకదాని వెనక ఒకటి, మొనలు నా వైపే.